కొత్త బాక్స్ ప్రెస్డ్ బ్లెండ్ పరిచయం: నొక్కితే నిజంగా ఏం మారుతుంది?

ఆకుగది:
అందరికీ నమస్కారం. సిగార్లు తయారుచేసే చోట బ్లెండింగ్ పని, అంటే ఏ ఆకులు ఎంత కలపాలో తేల్చే పని చూస్తాను. మా దగ్గర కొత్త బాక్స్ ప్రెస్డ్ (నొక్కి పలకలు తెచ్చిన) సిగార్ ఒకటి సిద్ధమవుతోంది. పేరు ఇంకా ఖాయం కాలేదు, బ్యాండ్ (సిగార్ చుట్టూ వేసే కాగితపు పట్టీ) అచ్చుకి వెళ్ళలేదు. పెట్టెలో పెట్టే పరిచయ పత్రం రాసే బాధ్యత నాకు అప్పగించారు. అది రాసేముందు మీ మాట వినాలనిపించింది.

ముందు సిగార్ సంగతి. పొడవు 6 అంగుళాలు. లావు చుట్టేటప్పుడు 52 రింగ్ గేజ్. తర్వాత దాన్ని నొక్కి నలుపలకలుగా చేస్తాం. రాపర్ (పైన చుట్టే ఆకు) మెక్సికోలోని సాన్ ఆండ్రెస్ ఆకు, మదురో, అంటే పులియబెట్టి ముదురు రంగు తెచ్చినది. బైండర్ (రాపర్ కింద లోపలి ఆకుల్ని పట్టి ఉంచే ఆకు) హోండురాస్‌లోని హమాస్ట్రాన్ లోయది. ఫిల్లర్ (లోపల నింపే ఆకు) మొత్తం నికరాగ్వా: ఎస్తెలీ ప్రాంతపు లిజెరో (మొక్క పైభాగపు ఘాటైన ఆకు), కొందేగా ప్రాంతపు విసో (మధ్య ఆకు), హలాపా ప్రాంతపు సెకో (పల్చటి ఆకు).

ఈ బ్లెండ్ మొదట గుండ్రటి సిగార్ కోసం అనుకున్నది. రుచి బాగానే ఉంది గానీ, సగానికి వచ్చేసరికి లిజెరో ఘాటు మిగతా ఆకుల్ని కప్పేసేది. దాన్నే యథాతథంగా నొక్కితే డ్రా (పొగ లాగినప్పుడు గాలి వచ్చే తీరు) బిగుసుకుపోయింది. అందుకని బ్లెండ్‌నే మార్చుకుంటూ వచ్చాం. లిజెరో తగ్గింది, హలాపా ఆకు పెరిగింది. ఫిల్లర్ ఆకుల్ని మడిచి పేర్చే బదులు ఒక్కోదాన్నీ సన్నటి గొట్టంలా చుట్టి పేరుస్తున్నాం. దీనివల్ల నొక్కాక కూడా గాలికి దారి మిగులుతోంది.

నా నమ్మకం ఏమిటంటే, నొక్కడం అనేది చివర్లో అద్దే సోకు కాదు. మొదటి ఆకు ఎంచేటప్పుడే దాన్ని లెక్కలో పెట్టుకోవాలి. ఈ మాటని కాల్చేవాళ్ళకి ఎలా చెప్తే అర్థవంతంగా ఉంటుంది? పరిచయ పత్రంలో మీరు ఏం చదవాలనుకుంటారు, ఏం చదివి విసిగిపోయారు?

నిదానంగా:
ఆకుగది గారూ, స్వాగతం. తయారుచేసేవాళ్ళు వచ్చి ఇలా అడగడం అరుదు, చాలా సంతోషం.

నేనైతే పత్రంలో ముందు ఈ ఆకారం ఎక్కడిదో రెండు వాక్యాల్లో చదవాలనుకుంటాను. క్యూబాలో సిగార్లని చెక్క పెట్టెల్లో బిగించి సర్దేవారు. పక్కపక్కన ఒత్తుకుని, కొన్నాళ్ళకి వాటికి పలకలు వచ్చేవి. అలా వద్దు, గుండ్రంగానే ఉండాలనుకున్నవాటికి వేరే సర్దుబాటు ఉండేది: 25 సిగార్లని 8, 9, 8గా మూడు వరసల్లో పేర్చేవారు. 8-9-8 అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. అంటే ఒకప్పుడు పలకలు వాటంతటవే వచ్చేవి, గుండ్రంగా ఉంచడానికే ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాల్సి వచ్చేది.

ఇప్పుడు మనం బాక్స్ ప్రెస్ అంటున్నది చాలావరకు కావాలని చేసేది. పద్రోన్ సిగార్ కంపెనీ వాళ్ళ 1964 యానివర్సరీ సిరీస్ 1994లో వచ్చాక ఈ ఆకారానికి మళ్ళీ గిరాకీ పెరిగింది. సిగార్ అఫిషియోనాడో పత్రిక 2014లో మొదటి స్థానం ఇచ్చిన ఒలివా సీరీ వి మెలానియో ఫిగురాదో, 2015లో ఇచ్చిన మై ఫాదర్ లె బిజూ 1922 టోర్పెడో, రెండూ నొక్కినవే. కొత్తగా వచ్చేవాటికి ఆకారం ఒక్కటే ప్రత్యేకత కాలేదు. కాబట్టి “మాది బాక్స్ ప్రెస్డ్” అని పెద్ద అక్షరాలతో రాసి ఊరుకుంటే సరిపోదు. ఎలా నొక్కుతారు, ఎంత గట్టిగా నొక్కుతారు, ఎప్పుడు నొక్కుతారు, ఇవి చెప్పండి.

గుండ్రమే:
నేను మొహమాటం లేకుండా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. నొక్కిన సిగార్లంటే నాకు అంత నమ్మకం లేదు. గుండ్రటి సిగార్‌ని వేళ్ళతో మెల్లగా నొక్కి చూస్తే ఫిల్లర్ ఎక్కడ తగ్గిందో, ఎక్కడ ముద్దకట్టిందో తెలిసిపోతుంది. నొక్కినదాంట్లో ఆ పరీక్ష పనిచెయ్యదు. అన్నీ ఒకేలా, కాస్త స్పాంజిలా తగులుతాయి. చుట్టేవాళ్ళు తక్కువ నింపినా పలకలు దాన్ని దాచేస్తాయని నా అనుమానం.

రెండోది, రుచి మారుతుందని అందరూ అంటారు. ఎందుకు మారుతుందో ఎవరూ చెప్పరు. అదే ఆకు, అదే రాపర్, అదే బరువు. ఆకారం మారితే రుచి ఎందుకు మారాలి?

కొలతబద్ద:
గుండ్రమే అన్నా, రెండో ప్రశ్నకి లెక్క ఉంది.

రింగ్ గేజ్ అంటే అంగుళంలో 64వ వంతు. 52 రింగ్ గేజ్ అంటే అడ్డం సుమారు 20.6 మిల్లీమీటర్లు. చుట్టుకొలత దాదాపు 64.8 మిల్లీమీటర్లు. నొక్కినప్పుడు రాపర్ సాగదు, కుదించుకుపోదు, కాబట్టి చుట్టుకొలత అలాగే ఉంటుంది. దాన్ని నాలుగు సమాన పలకలు చేస్తే ఒక్కోటి 16.2 మిల్లీమీటర్లు. ఇప్పుడు కోత వైశాల్యం చూడండి: గుండ్రంగా ఉన్నప్పుడు సుమారు 334 చదరపు మిల్లీమీటర్లు, చతురస్రం అయ్యాక 262. అంటే లోపలి చోటు అయిదో వంతు కంటే కొంచెం ఎక్కువే తగ్గింది. నిజం సిగార్‌లో మూలలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి అంత తగ్గదు, కానీ గణనీయంగానే తగ్గుతుంది.

ఆకు బరువు మారలేదు, చోటు తగ్గింది. కాబట్టి తగ్గింది ఆకుల మధ్య ఉన్న ఖాళీ. గాలి పోయే దారి మారితే కాలే తీరు మారుతుంది. కాలే తీరు మారితే పొగ మారుతుంది. పైగా గుండ్రటిదాంట్లో నడిమధ్యలో ఉన్న లిజెరోకి రాపర్ అన్ని వైపులా ఒకే దూరం. నలుపలకల దాంట్లో పలక మధ్యలో దగ్గర, మూల వైపు దూరం. మామూలు బ్లెండ్ తీసుకుని నొక్కితే డ్రా బిగుసుకుపోయిందని ఆకుగది గారు చెప్పింది ఈ లెక్కకి సరిగ్గా సరిపోతోంది.

ఆకుగది:
కొలతబద్ద గారూ, ఈ లెక్క మా గదిలో గోడకి అంటించాల్సినంత బాగుంది. ధన్యవాదాలు.

గుండ్రమే గారి మొదటి అనుమానం న్యాయమైనదే. తక్కువ నింపి నొక్కేసే అవకాశం లేదని నేను అనను. మేము చేసేది చెప్తాను. బైండర్‌తో చుట్టిన కట్టని, అంటే రాపర్ ఎక్కకముందు, అచ్చులోంచి తీసి డ్రా మెషీన్ మీద పెడతాం. గాలి మరీ సులువుగా పోయినా, మరీ బిగువుగా ఉన్నా పక్కన పెట్టేస్తాం. ప్రతి కట్టా తూకం వేస్తాం. నొక్కేది ఇదంతా అయ్యాకే.

రాపర్ ఎక్కించాక, ఆకులో చెమ్మ ఇంకా ఉండగానే సిగార్లని చెక్క ట్రేల్లో పేరుస్తాం. ప్రతి రెండు సిగార్ల మధ్య ఒక సన్నటి చెక్క బద్ద నిలువుగా ఉంటుంది. ట్రేల్ని ఒకదానిమీద ఒకటి పెట్టి పైనుంచి మెల్లగా బిగిస్తాం. ఒక్కసారిగా బిగిస్తే రాపర్ చిట్లుతుంది. కాబట్టి కొంత బిగించి వదిలేస్తాం, ఆకు సర్దుకున్నాక ఇంకొంచెం. ట్రే తీసినప్పుడు మూల మీద వేలు పెట్టి పొడవునా జరుపుతాం. పదునుగా తగిలితే ఎక్కువ నొక్కినట్టు. మెత్తగా ఒంపు తిరిగినట్టు తగిలితే సరిపోయినట్టు. ఆ తర్వాత దేవదారు చెక్క గదిలో విశ్రాంతి.

దేవదారు అని అలవాటుగా అనేశాను. హ్యూమిడార్లకీ (సిగార్లని తేమలో నిల్వ ఉంచే పెట్టెలు) మామూలు పెట్టెలకీ వాడే స్పానిష్ సీడార్ నిజానికి మహాగని కుటుంబపు చెట్టు.

పైఆకు:
నా పేరు చూస్తేనే తెలుస్తుంది, నా ధ్యాసంతా రాపర్ మీదే. సాన్ ఆండ్రెస్ ఎంచుకోవడం బాగుంది. మందంగా, జిగటగా, నూనె పట్టి ఉండే ఆకు. మూల తిరిగినా తట్టుకుంటుంది. ఇదే పని కామెరూన్ ఆకుతో చేస్తే చాలా కష్టం, అది పల్చగా ఉంటుంది, త్వరగా చిట్లుతుంది.

నొక్కిన సిగార్ చేతికి రాగానే నేను మొదట చూసేది మూలల్ని. రాపర్ ఏటవాలుగా చుట్టుకుంటూ వెళ్తుంది కదా, దాని ఈనెలు మూలల్ని అక్కడక్కడా దాటుతాయి. పగులు వచ్చేది సరిగ్గా ఆ దాటే చోటే. ఈనె గట్టిగా ఉంటుంది, పక్కనున్న ఆకు మెత్తగా ఉంటుంది, ఒత్తిడి పడగానే ఆ రెండింటి మధ్య సన్నటి గీత విడిపోతుంది. వెలుతురుకి అడ్డంగా పెట్టి చూస్తే వెంట్రుకంత గీత కనిపిస్తుంది. మంట అక్కడికి వచ్చేసరికి అది తెరుచుకుంటుంది, బర్న్ (కాలే గీత) వంకర తిరుగుతుంది. చాలామంది దాన్ని నిల్వ లోపం అనుకుంటారు. లావు ఈనెలున్న ఆకుని నొక్కే సిగార్‌కి వాడకుండా ముందే వేరు చెయ్యడమే దీనికి మందు.

ఇంకో రెండు చిన్న విషయాలు, కానీ చాలా సిగార్లు వీటివల్లే పాడవుతాయి. బ్యాండ్ జిగురు అతుకు మూల మీద కాకుండా పలక మధ్యలో పడేలా చూడండి. మూల మీద పడితే బ్యాండ్ తీసేటప్పుడు రాపర్ కూడా లేచివస్తుంది. అలాగే సెలోఫేన్ కవర్ కొంచెం వదులుగా ఉండాలి. బిగుతుగా ఉంటే బయటికి లాగేటప్పుడు కాలు (వెలిగించే చివర) వైపు మూలలు చిరుగుతాయి.

సాన్ ఆండ్రెస్ ఆకు సహజంగా నల్లబడిందా, ఎలా పులియబెట్టారు? పత్రంలో ఇది తప్పకుండా రాయండి. మదురో అన్న మాట వెనక రంగు పూసిన ఆకులు కూడా చూశాం.

ఆకుగది:
రంగు ఏమీ పూయలేదు పైఆకు గారూ. కుప్ప వేసి, లోపలి వేడి చూసుకుంటూ, పైన ఉన్నవి లోపలికి లోపల ఉన్నవి పైకి మార్చి మళ్ళీ కుప్ప వేస్తూ పులియబెట్టిన ఆకు. మదురో ఆకుకి ఎక్కువ వేడి, ఎక్కువ కాలం కావాలి. తొందరపడితే అమ్మోనియా వాసన మిగిలిపోతుంది. ఆ వాసన పోయేదాకా మేము రాపర్‌ని ముట్టుకోం. బ్యాండ్ అతుకు సంగతి ప్యాకింగ్ వాళ్ళకి ఇప్పుడే చెప్పాను, సెలోఫేన్ వెడల్పు కూడా మళ్ళీ కొలుస్తున్నారు.

తొలిపొగ:
అందరూ పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు, మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను సిగార్లు మొదలుపెట్టి ఎంతో కాలం కాలేదు. ఇప్పటిదాకా గుండ్రటి రోబస్టోలే (పొట్టిగా లావుగా ఉండేవి). నలుపలకలది కట్ చెయ్యడం, వెలిగించడం వేరేగా ఉంటుందా? మూలలు సరిగ్గా అంటుకోవేమోనని టెన్షన్. ఈ బ్లెండ్ నాలాంటివాళ్ళకి మరీ ఘాటు అవుతుందా?

నిదానంగా:
క్షమాపణ ఎందుకు తమ్ముడూ, ఇలాంటి ప్రశ్నలకే కదా ఈ చోటు.

కట్: నేరుగా కోసే కట్టర్ అయితే తల (నోట్లో పెట్టుకునే చివర) పైన అతికించిన టోపీ ఆకు గీత దాటకుండా కొద్దిగా తియ్యి. నొక్కిన సిగార్‌లో డ్రా బాగుంటే ఎక్కువ తియ్యాల్సిన పని లేదు. వి కట్ (V ఆకారపు గాడి కోసే కట్టర్) వాడితే గాడి పలకకి సమాంతరంగా ఉండేలా పట్టుకో. మూల నుంచి మూలకి కోస్తే తల చిట్లే ప్రమాదం ఎక్కువ. కోశాక వెలిగించకుండానే ఓసారి పీల్చి చూడు. అప్పుడే డ్రా తెలిసిపోతుంది.

వెలిగించడం: మంట సిగార్‌ని తాకకూడదు, కొంచెం దూరంగా ఉండాలి. నాలుగు మూలల్నీ ముందు వెచ్చబెట్టి, తర్వాత మధ్యకి రా. నోట్లో పెట్టుకోకముందే కాలి అంచు అంతా ఒకే రంగులో మెరవాలి. మెల్లగా ఊది చూస్తే ఏ మూల నల్లగా మిగిలిందో కనిపిస్తుంది, దానికి ఇంకాస్త వేడి చూపించు. మొదట్లో మూల ఒకటి వెనకపడ్డా కంగారు పడకు. చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

వేగం: నిమిషానికి ఒక్క పఫ్ చాలు. తొందరపడితే సిగార్ వేడెక్కి చేదు వస్తుంది, ఎంత మంచి బ్లెండ్ అయినా సరే. ఖాళీ కడుపుతో కాల్చకు. లిజెరో ఉన్న సిగార్‌లో నికోటిన్ గట్టిగా తగులుతుంది. తల తిరగడం, చెమటలు పట్టడం మొదలైతే వెంటనే ఆపెయ్యి, నీళ్ళు తాగి కూర్చో.

ఇంకో మాట, దీన్ని దాటెయ్యకు. సిగార్ పొగ లోపలికి పీల్చం కాబట్టి ప్రమాదం లేదని కొందరు చెప్తారు. అది తప్పు. పీల్చకపోయినా నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్, అన్నవాహిక క్యాన్సర్ వచ్చే ముప్పు పెరుగుతుంది. పెద్ద సిగార్ ఒక్కదాంట్లో 5 నుంచి 20 గ్రాముల దాకా పొగాకు ఉంటుంది, సిగరెట్‌లో ఒక గ్రాము కూడా ఉండదు. నువ్వు ఇప్పుడిప్పుడే మొదలుపెట్టావు కాబట్టి సూటిగా చెప్తున్నాను: అలవాటు ముదరకముందే మానెయ్యడం తేలిక.

మోడరేటర్:
నిదానంగా గారు చెప్పింది అందరూ చదవండి. ఆకుగది గారూ, పరిచయ పత్రంలో ఆరోగ్య హెచ్చరిక ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో కాకుండా చదవగలిగేలా ఉండాలని నా విన్నపం. పొగ తాగనివాళ్ళని ఆకర్షించే మాటలు, “మెత్తగా ఉంటుంది, కొత్తవాళ్ళకి బాగుంటుంది” లాంటివి, ఇక్కడ వద్దు.

ఆకుగది:
తప్పకుండా. తొలిపొగ గారికి నా జవాబు కూడా అదే: ఇది కొత్తవాళ్ళ కోసం చేసింది కాదు. బలం మధ్యస్థం కంటే ఎక్కువే. పత్రంలో ఆ ముక్క మొదటి పేరాలోనే రాస్తాను.

గుండ్రమే:
లెక్క ఒప్పుకున్నాను కొలతబద్దా. చోటు తగ్గితే పొగ మారడం సహజమే. డ్రా మెషీన్, తూకం సంగతి కూడా పత్రంలో రాస్తే నాలాంటివాళ్ళ అనుమానం కొంత తీరుతుంది.

కానీ రుచుల జాబితాతో మాత్రం నింపకండి దయచేసి. ఎండు ద్రాక్ష, తోలు, తడిమట్టి, కాల్చిన బాదం, ఇలా చదివి చదివి విసుగొచ్చింది. ఒకరికి తగిలింది ఇంకొకరికి తగలదు. అవి కనిపించకపోతే కొత్తవాళ్ళు తమ నాలుకలోనే లోపం ఉందనుకుంటారు.

నాకో ఆలోచన వచ్చింది. మీరు నిజంగా నొక్కడాన్నే నమ్ముతుంటే, మొదటి పెట్టెల్లో ఇదే ఆకులతో చేసిన గుండ్రటి సిగార్ ఒకటి పక్కనే పెట్టండి. రెండూ కాల్చి చూసుకుంటాం. పత్రంలో ఎంత రాసినా అంత బాగా చెప్పలేరు. నొక్కినది నిజంగా మెరుగ్గా ఉంటే, ఈ పేరు పెట్టుకున్న నేనే ముందొచ్చి చెప్తాను.

పైఆకు:
గుండ్రమే గారి మాటకి నా ఓటు. అయితే ఒక చిక్కుంది. ఆకుగది గారు చెప్పినదాని ప్రకారం ఈ బ్లెండ్ నొక్కడం కోసమే మార్చింది. దాన్నే గుండ్రంగా వదిలేస్తే లోపల ఖాళీ ఎక్కువై డ్రా వదులుగా, బర్న్ వేగంగా ఉంటుంది. గుండ్రటిదానికి అన్యాయం చేసినట్టు అవుతుంది.

ఆకుగది:
పైఆకు గారు అసలు మెలిక పట్టుకున్నారు. అదే ఫిల్లర్ బరువుతో గుండ్రటిది చేస్తే అది ఓడిపోయేలా మేమే తయారుచేసినట్టు. కాబట్టి గుండ్రటిదాన్ని దాని పద్ధతిలో సరిగ్గా నింపి చేస్తాం. ఆకులు అవే, పాళ్ళు అవే, బరువు మాత్రం దానికి తగ్గట్టు. పత్రంలో రెండింటి బరువులూ రాస్తాం. చుట్టేవాళ్ళతో మాట్లాడాను, ఒప్పుకున్నారు. మొదటి విడత పెట్టెల్లో ఈ జత ఉంటుంది.

రుచుల జాబితా తీసేస్తున్నాను. దాని బదులు ఏ ఆకు ఎందుకుందో రాస్తాను. ఇప్పటికి ఇలా వచ్చింది, చూడండి:

“ఎస్తెలీ లిజెరో మొక్క పైభాగపు ఆకు. ఎండ బాగా తగిలి మందంగా, ఘాటుగా ఉంటుంది, నిదానంగా కాలుతుంది. అందుకే నడిమధ్యలో పెట్టాం. మొదటి భాగంలో ఇది అంతగా తెలియదు, రెండో సగంలో బయటపడుతుంది. హలాపా సెకో పల్చటిది, వాసన దానిదే, మంట నిలవడానికి కూడా అదే ఆసరా. కొందేగా విసో ఈ రెండింటినీ కలుపుతుంది. సాన్ ఆండ్రెస్ రాపర్ తీపి మొదటి పఫ్‌లోనే పెదవికి తెలుస్తుంది. సిగార్‌ని నొక్కాక డ్రా కొంచెం నిండుగా ఉంటుంది. గట్టిగా లాగకండి, మెల్లగా లాగితే సరిపోతుంది.”

కొలతబద్ద:
బాగుంది. చదివితే ఏం ఆశించాలో తెలుస్తోంది. కొలత విషయంలో ఒక్క స్పష్టత ఇవ్వండి: 52 అనేది నొక్కకముందుదని రాయండి, పక్కనే పలక వెడల్పు మిల్లీమీటర్లలో ఇవ్వండి. లేకపోతే కట్టర్ కొనేవాళ్ళూ, సిగార్ కేసు కొనేవాళ్ళూ తికమకపడతారు.

నిల్వ గురించి కూడా ఒక పేరా ఉండాలి. నొక్కిన సిగార్ తేమ ఎక్కువైతే ఉబ్బి మళ్ళీ గుండ్రం వైపు వెళ్తుంది. 70 శాతం దాటితే నా హ్యూమిడార్‌లో పలకలు కరిగిపోవడం కళ్ళారా చూశాను. ఉబ్బినప్పుడు మూలల దగ్గరే రాపర్ ముందు విడిపోతుంది. నేను వీటిని 65 శాతం దగ్గర ఉంచుతాను, డ్రా కూడా అక్కడే బాగుంటుంది. ఇంకోటి, పెట్టెలో ఇవి ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి మధ్యలో గాలి ఆడదు. అడుగు వరసకి తేమ ఆలస్యంగా చేరుతుంది. అప్పుడప్పుడూ పై వరసనీ కింది వరసనీ మార్చుకుంటే మంచిది.

తొలిపొగ:
అందరికీ థాంక్స్. నిదానంగా అన్నా, చివర్లో మీరు చెప్పింది రెండుసార్లు చదివాను. ఇది ఘాటైన బ్లెండ్ అంటున్నారు కాబట్టి నేను దీని జోలికి వెళ్ళను. అసలు కొనసాగించాలా వద్దా అని కూడా ఆలోచిస్తున్నాను.

నిదానంగా:
మంచి ఆలోచన తమ్ముడూ. ఈ విషయంలో ఎవరి మాటకీ మొహమాటపడకు.

ఆకుగది గారూ, కొలతబద్ద చెప్పిన నిల్వ పేరా తప్పక చేర్చండి. ప్రయాణంలో తేమ హెచ్చుతగ్గులు ఎలాగూ ఉంటాయి కాబట్టి, పెట్టె విప్పగానే కాల్చకుండా కొన్ని వారాలు విశ్రాంతి ఇమ్మని కూడా రాయండి. మొదటి సిగార్‌తోనే బ్లెండ్‌ని తేల్చెయ్యొద్దని మీరే చెప్తే జనం వింటారు.

ఆకుగది:
కొలతలు, నిల్వ, విశ్రాంతి, మూడూ చేరుస్తున్నాను. హెచ్చరిక మొదటి పేజీలో, మిగతా అక్షరాల సైజులోనే ఉంటుంది. పెట్టెలో 65 శాతం తేమ ప్యాకెట్ కోసం ఒక గాడి చేయిస్తున్నాం. రెండు వరసల మధ్య చెక్క రేకుకి చిల్లులు పెడితే కింది వరసకి తేమ త్వరగా అందుతుందని పెట్టెలు చేసేవాళ్ళు అంటున్నారు. కొలతబద్ద గారూ, చిల్లులు ఎంత దూరంలో ఉంటే మంచిదో మీకేమైనా తోస్తే రాయండి, రేకులు ఇంకా కొయ్యలేదు.